చిన్న ఊరి మందులంగడి

(మన సంఘపు వార సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు వినుటకు అలవాటుపడిన సభ ఇది. మేము చెప్పబూనినది ఒక మందుల వర్తకుని కథ. ఆతడు మన దేశస్థుడు కాడు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనులు అడవులు కొట్టి పొలములు చేసికొనుచున్న తరమున, చిన్న ఊళ్లలో కల్వము నూరి, మాత్రలు చుట్టి, అంగడి నడిపిన ఎలై లిల్లీ అనువాడు.

ఆ పేరు మీ ఇండ్లలో మధుమేహము గలవారు వినియే యుందురు. 1923లో ఇన్సులినును పెద్ద యెత్తున తయారుచేసి అమ్మకమునకు పెట్టిన కంపెనీ ఆతని పేరిటిదే. కాని అప్పటికి ఆతడు చనిపోయి ఇరువదియైదేండ్లు గడచినవి. కంపెనీ వైభవము మా విషయము కాదు. దానిని గూర్చి చెప్పువారు వేరుగా కలరు. అందుకు వారికి జీతములును కలవు. మాకు కావలసినది 1854 మొదలు 1876 వరకు గల ఇరువదిరెండేండ్ల కాలము. అందు ఆతడు శిష్యుడు, గుమాస్తా, అంగడి యజమాని, సిపాయి, దివాలా తీసిన వ్యవసాయదారుడు, మరల అంగడి యజమాని.

ఆ కాలపు మందులంగడిలో రెండు అరలుండెడివి. ఒక అరలో తాను తూచి, నూరి, వడపోసి తయారుచేసిన మందులు. వానిలో ఏమున్నదో వర్తకునికి గ్రెయిను లెక్కన తెలియును. రెండవ అరలో పైఊళ్ల నుండి పెట్టెలలో దిగిన పేటెంటు మందులు. వానిలో ఏమున్నదో చేసినవాడు చెప్పడు, అమ్మినవానికి తెలియదు, త్రాగినవానికి అంతకన్నను తెలియదు. ఆ రెండు అరల నడుమ ఒక మంచి వర్తకుని బ్రతుకు ఎట్లు సాగినదో మీ ముందు ఉంచవలెనని మా కోరిక.

లిల్లీ 1838 జూలై 8న బాల్టిమోరు నగరమున జన్మించెను. తండ్రి కట్టడపు పనులు చేయువాడు. పని ఉన్నచోటికి కుటుంబము కదలుచుండెను. కెంటకీలో కొన్నేండ్లుండి, 1852లో ఇండియానా రాష్ట్రమందలి గ్రీన్‌కాసిల్ అను ఊరు చేరిరి. ఇండియానా 1816లో రాష్ట్రమైనది. అనగా వీరు చేరునాటికి ముప్పదియారేండ్ల పసి రాష్ట్రము. చెట్లు నరికి, మోడుల మధ్యనే మొక్కజొన్న వేసెడివారు. నదుల ఒడ్డునను పల్లపు నేలలలోను నీరు నిలిచెడిది. నిలిచిన నీటిలో దోమలు. దినము విడిచి దినము చలి, వణకు, ఆ పిమ్మట మంట వంటి జ్వరము. కొత్తగా భూమి విప్పిన ప్రతి ఊరును ఈ చలిజ్వరమునకు పన్ను కట్టుచునే యుండెను. అది అంత సామాన్యమగుటచే, వణకుచు పొలమునకు పోవువానిని జబ్బు మనిషిగా ఎవ్వరును లెక్కింపరైరి.

కొత్తచోట కాపురము పెట్టినవారి భయములు మనకు చెప్పనక్కరలేదు. మన పెద్దలును ఊరు కాని ఊరు చేరి, తెలియని నీరు త్రాగి, తెలియని జ్వరములకు బిడ్డల నప్పగించినవారే. ఇండియానాలో వైద్యుడు పది పండ్రెండు మైళ్ల దూరమున ఉండెడివాడు. వచ్చుటకు గుఱ్ఱము కావలెను, ఈయుటకు డబ్బు కావలెను. మందుల వర్తకుడో, ఊరి నడుమ చౌకులో అంగడి తెరచి యుండెడివాడు. సలహాకు రుసుము పుచ్చుకొనడు. కావున మొదటి నాడి చూచునది చాలచోట్ల ఆతడే. అది చట్టమునకు సమ్మతమా అందురేమో. చాల రాష్ట్రములలో 1870 దాటువరకు మందులంగడికి లైసెన్సు చట్టమే లేదు. త్రాసు కొనగలవాడెల్ల మందుల వర్తకుడు కావచ్చును.

అందుచేత నేర్చుకొని చేసినవానికి, నేర్వక చేసినవానికి ఉన్న భేదము ప్రాణములతో తేలెడిది. లిల్లీ నేర్చుకొన్నవాడు. పదునారవ యేట, 1854లో, లాఫయెట్ అను ఊరిలోనున్న బంధువుల ఇంటికి పోయి, అక్కడ హెన్రీ లారెన్సు అను ఇంగ్లీషు ఔషధకారుని అంగడి చూచి, అందు శిష్యుడుగా చేరెను. అంగడి పేరు ‘గుడ్ సమారిటన్’. బైబిలులో, దారిలో పడియున్న పరాయివాని గాయములకు కట్టు కట్టిన దయాళువు పేరది. 1858 వరకు నాలుగేండ్లు అక్కడ పని నేర్చి, యోగ్యతాపత్రము పొందెను.

ఆ నాలుగేండ్లలో నేర్చునది ఏమి అన్నది కొంచెము విస్తరించి చెప్పెదము. నేడు మందుల షాపులో పనివాడు అట్టపెట్టె తీసి, చీటీ చూచి, డబ్బు పుచ్చుకొనును. నాడు ఆ పెట్టె లేదు. పెట్టెలోని సరకును అక్కడనే పుట్టవలెను. శిష్యునికి మొదట దొరకునవి చీపురు, పొయ్యి, సీసాలు కడుగు తొట్టి. తరువాత కల్వము. సింకోనా బెరడు, రేవలచిన్ని వేరు, ఇపెకాక్ వేరు, ఇట్టివానిని గంటల తరబడి దంచి, జల్లించి, మరల దంచవలెను. పొడిని కోసుగా నున్న పాత్రలో గట్టిగా కూరి, పైనుండి మద్యసారము పోసి, బొట్టుబొట్టుగా దిగనిచ్చి టింక్చరు తీయవలెను. త్వరపడి పోసినచో సారము దిగదు. పొడి వదులుగా కూరినచో మద్యము దారి చేసికొని ఊరక పోవును. మాత్రలకైన పొడిని అతిమధురముతోనో తేనెతోనో ముద్దచేసి, పలకమీద పొడవుగా త్రాడువలె పేని, సరిసమానముగా కోసి, వ్రేళ్ల నడుమ గుండ్రముగా దొరలింపవలెను. ఇరువదినాలుగు మాత్రలలో ఒకటి పెద్దదై ఒకటి చిన్నదైనచో, ఆ పూట రోగికి చాలినంత మందు అందదు, లేదా విషము అందును.

తూనిక మాట వేరుగా చెప్పవలెను. వారి అతి చిన్న తూనిక గ్రెయిను. అది మన గురువింద గింజ యెత్తులో సగమునకు కొంచెము పైన. ఇరువది గ్రెయినులొక స్క్రూపులు, మూడు స్క్రూపులొక డ్రాము, ఎనిమిది డ్రాములొక ఔన్సు. వైద్యుడు మందుచీటిలో డ్రామునకును ఔన్సునకును వేసెడి గుర్తులకు భేదము పైనొక చిన్న కొంకి మాత్రమే. గుఱ్ఱము మీదనుండి దిగకయే గీకిన చీటిలో ఆ కొంకి ఉన్నదో లేదో దీపపు వెలుతురున తేల్చుకొనవలెను. పొరబడినచో మోతాదు ఎనిమిది రెట్లు. నల్లమందు ద్రావకము విషయమున ఎనిమిది రెట్లన నేమో మీరే ఊహింపుడు. తరువాతి కాలమున విషపు సీసాలను గరుకు గీతలతో, నీలిరంగు గాజుతో చేయసాగిరి. చీకటిలో చేతికి తగులగానే వ్రేళ్లు మేలుకొనవలెనని.

శాస్త్ర గ్రంథములు లేకపోలేదు. 1820లో అమెరికా ఔషధ కోశము వెలువడినది. 1821లో ఫిలడెల్ఫియాలో ఔషధకారుల కళాశాల ఏర్పడినది. 1852లో జాతీయ సంఘము పుట్టినది. కాని అవి తూర్పుతీరపు నగరముల సంగతులు. లాఫయెట్ వంటి ఊరిలో కళాశాల అనగా గురువు ప్రక్కన నిలుచుండుట. ముక్కు, నాలుక, వ్రేళ్లు: ఇవియే పరీక్షా సాధనములు. విదేశములనుండి వచ్చు మందులలో కల్తీ ఎంత యుండెననగా, 1848లో వారి పార్లమెంటు రేవులలోనే మందులను పరీక్షించుటకు చట్టము చేయవలసి వచ్చెను. రేవు దాటిన పిదప దారిలో కలుపువారిని ఆ చట్టము ఏమియు చేయలేదు.

ఆ అంగడి గాజు సీసాలపై బంగారు అక్షరములతో లాటిన్ పేర్లుండెడివి. ఆ పేర్ల చాటున మనకు పరిచయమైనవే ఎన్నియో కలవు. కర్పూరము, ఇంగువ, ఆముదము. సునాముఖి ఆకు మన తిరునల్వేలి నుండి పోయెడిది. వారి పుస్తకములలో దానికి ‘టిన్నెవెల్లి సెన్నా’ అనియే పేరు. ఈ సభలో తిరునల్వేలి ప్రాంతపు తెలుగువారున్నచో గర్వపడవచ్చును, విరేచనపు మందుకు గర్వపడుట ఇష్టమైనచో. మన ముష్టి గింజలును సముద్రము దాటి పోయెడివి. వానినుండి తీసిన స్ట్రిక్‌నిన్ అను విషమును పడమటి మైదానములలో తోడేళ్లను చంపువారు మందుల వర్తకునివద్దనే కొనుచుండిరి. ఒకే గింజ సారము ఒకనికి ఆకలి పుట్టించు మందు, వేరొకనికి తోడేలు ఎర, భేదమంతయు తూనికలోనే.

అన్నింటికన్న విలువైనది క్వినైను. 1820లో పారిస్ నగరమున పెలెటియే, కావెంటూ అను ఇరువురు సింకోనా బెరడునుండి దానిని వేరుచేసిరి. వారిరువురును మందుల వర్తకులే అని మన కథానాయకుని పక్షమున జ్ఞాపకము చేయుచున్నాము. అంతకు ముందు జ్వరమునకు వైద్యులు చేసినదేమి? నెత్తురు తీయుట, కాలమెల్ అను పాదరసపు లవణమును నోట చొంగ కారువరకు తినిపించుట. మిస్సోరీ రాష్ట్రమున యారోరాక్ అను పల్లెలో జాన్ సాపింగ్టన్ అను వైద్యుడు 1832లో క్వినైను మాత్రలు చేసి ఊరూర అమ్మించెను. ఒక్కొక్క మాత్రకు ఒక గ్రెయిను క్వినైను, ముప్పాతిక గ్రెయిను అతిమధురము, పాతిక గ్రెయిను బోళము. ఈ లెక్క మాకెట్లు తెలిసినది? ఆతడే 1844లో ఒక పుస్తకము వ్రాసి అందరికిని చెప్పివేసెను. లక్షలాది మాత్రలు అమ్ముడుపోవుచున్న నాడే తన వంటకపు గుట్టు తానే విప్పిన వర్తకుడు ఆ దేశమున మరి అరుదు. మేము సాపింగ్టనును ఈ ఒక్క కారణమున గౌరవింతుము.

లిల్లీ 1860లో ఎమిలీ లెమన్ అను ఆమెను వివాహమాడి, 1861లో గ్రీన్‌కాసిల్ చౌకులో స్వంత అంగడి తెరచెను. ఆ యేడు నవంబరులో జోసయా అను కుమారుడు కలిగెను. ఇట్టి అంగళ్లలో మందులే కాక అవిసెనూనె, రంగులు, కిటికీ అద్దములు, దీపపు నూనె, కాగితము, సిరా, మసాలా దినుసులు, జలగలు కూడ దొరికెడివి. కిటికీలో ఎఱ్ఱని, పచ్చని నీళ్లు నింపిన గాజుబుడ్డి, దాని వెనుక దీపము. అక్షరము రానివాడును చీకటిలో దూరమునుండి దానిని చూచి వచ్చెడివాడు.

ఆ అంగడి నిలువలేదు. అంతర్యుద్ధము వచ్చినది. లిల్లీ ఉత్తరపు సేనలో చేరి, 1862లో ఫిరంగి దళమొకటి సమకూర్చి, దానికి నాయకుడై పోరాడెను. 1864లో అలబామాలో పట్టుబడి ఖైదీయై, విడుదలై, కర్నలుగా ఇంటికి వచ్చెను. యుద్ధపు కథ ఇంతటితో చాలును. యుద్ధానంతరము అంగడికి మరలక, మిసిసిపీలో ప్రత్తి తోట కౌలుకు తీసికొనెను. ఈ నిర్ణయము ఆతని బ్రతుకున అత్యంత దురదృష్టకరమైనది. 1866 ఆగస్టులో, నిండు చూలాలగు ఎమిలీ చలిజ్వరముతో మరణించెను. బిడ్డడును దక్కలేదు. తోట ఎండెను, సొమ్ము పోయెను, చివరకు దివాలా తీసెను.

చలిజ్వరమునకు మందు తెలిసినవాడు, నాలుగేండ్లు ఆ బెరడును దంచినవాడు, ఆ జ్వరమునకే భార్యను కోలుపోయెను. దోమకును ఆ జ్వరమునకును సంబంధమున్నదని అప్పుడు లోకమున ఎవ్వరికిని తెలియదు. తరువాత సరిగా ముప్పదియొక్క ఏండ్లకు, అదే ఆగస్టు నెలలో, 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులో రోనాల్డు రాస్ దోమ పొట్టలో ఆ జ్వరపు క్రిమిని చూచెను. ఇరువురిదొకరికొకరికి పొత్తు లేదు. చెప్పక ఉండలేక చెప్పితిమి.

లిల్లీ కొడుకును తన తల్లిదండ్రులవద్ద ఉంచి, ఇండియానాపోలిస్ నగరమున మందుల టోకు వర్తకులవద్ద కొంతకాలము కొలువు చేసెను. 1869లో ఇల్లినాయి రాష్ట్రమున పారిస్ అను చిన్న ఊరిలో, బిన్‌ఫర్డు అను భాగస్వామితో మరల అంగడి తెరచెను. ఎదుటిభాగమునకు ఎఱ్ఱరంగు వేసినందున ‘రెడ్ ఫ్రంట్’ అని పేరు. వ్యాపారము బాగుగా సాగెను. మరల వివాహమాడెను.

ఇచ్చట ఆ రెండవ అర సంగతి చెప్పవలెను. యుద్ధమునుండి లక్షలమంది గాయములతో, విరేచనములతో, మార్ఫిన్ రుచితో ఇండ్లకు మరలియుండిరి. నల్లమందు కొనుటకు వైద్యుని చీటి అక్కరలేదు. 1914 వరకు దేశమంతటికి వర్తించు కట్టుబాటే లేదు. పేటెంటు మందులవారు ఈ పొలములో బంగారము పండించిరి. పేరునకు పేటెంటు, నిజమునకు వారిలో పెక్కురు పేటెంటు తీసికొనలేదు. తీసికొనినచో వంటకము బయటపెట్టవలసి వచ్చును గదా! బొమ్మకు, పేరునకు మాత్రము హక్కు వ్రాయించుకొనిరి. ‘మిసెస్ విన్‌స్లో సూథింగ్ సిరప్’ అని 1849లో మెయిన్ రాష్ట్రపు బాంగోరులో పుట్టిన మందొకటి కలదు. పండ్లు వచ్చు పసివాండ్ర ఏడుపు మాన్పునని ప్రకటన. ఏడుపు మానిన మాట నిజమే. అందులోనిది మార్ఫిన్. మోతాదు మించిన బిడ్డ ఏడువదు సరికదా, లేవను లేవదు. సీసామీద తల్లియు బిడ్డయు నవ్వుచున్న బొమ్మ. మార్ఫిన్ అను మాట లేదు. మరికొన్ని ‘బిట్టర్స్’ అను చేదు కషాయములు. మద్యము ముట్టని భక్తులు దినమునకు మూడు చెంచాలు సేవించి, తమకు బలము కలుగుచున్నదని సాక్ష్యము వ్రాసి యిచ్చెడివారు. బలము ఎచ్చటినుండి వచ్చుచున్నదో సీసా చెప్పలేదు.

వీనిని ఊరూర వ్యాపింపజేసినది మరొకటి: పంచాంగము. మందుల కంపెనీలు యేటేట పంచాంగములను లెక్కలేనన్ని అచ్చువేసి, వర్తకుని పేరును ముద్రించి, ఉచితముగా పంచుటకు పంపెడివి. అమావాస్య ఎప్పుడు, విత్తుట ఎప్పుడు అని ఒక ప్రక్క. కాలేయమునకు ఏ సీసా అని ఎదుటి ప్రక్క. మూలకు దారము కట్టి వంటయింటి మేకునకు వ్రేలాడదీసికొనెడివారు. బైబిలు గాక ఆ యింట మరియొక పుస్తకము ఉన్నదనిన చాలచోట్ల అది ఇదియే.

వర్తకుడు ఏమి చేయవలెను? కొనవచ్చిన తల్లితో ఇది మంచిది కాదనవలెనా? అన్నచో ఆమె వీధి దాటి పచారు కొట్టులో కొనును. అక్కడను ఆ సీసాలే. లాభమును ఆ అరలోనే ఎక్కువ. దంచనక్కరలేదు, తూచనక్కరలేదు, దుమ్ము దులిపిన చాలును. మొదటి అరలోని టింక్చరుకు ఒక దినము శ్రమ, వచ్చునది చిల్లర. ఎలై లిల్లీ అంగడిలో ఏ సీసాలు ఎన్ని అమ్ముడుపోయినవో లెక్కలు చూపి, ఆతడు పరిశుద్ధుడని మేము చెప్పబోవుట లేదు. ఆ కాలమున రెండవ అర లేక అంగడి నడచుట అరుదు. ఆతడు ఆ వృత్తిని అసహ్యించుకొనలేదు. అందలి అబద్ధము మాత్రము ఆతనిని వదలలేదు. నాడు దొరకు మందులు పెక్కు సరిగా తయారు కానివి, పనిచేయనివి అని ఆతనికి గట్టి అసంతృప్తి యుండెను. లాభము వచ్చుచున్న పారిస్ అంగడిని 1873లో విడిచిపెట్టి, తయారీ చేయుటకు ఇండియానాపోలిస్ పోయెను. స్థిరపడిన అంగడిని ముప్పదియైదవ యేట విడుచుట ఎంత కష్టమో ఈ సభలోని వర్తకులకు తెలియును.

మార్ఫిన్ వర్తకులను కూడ విడువలేదు. జార్జియా రాష్ట్రపు కొలంబసులో మందులంగడి నడిపిన జాన్ పెంబర్టన్ 1865లో యుద్ధమున గాయపడి, బాధకు మార్ఫిన్ అలవాటుచేసికొని, దానినుండి బయటపడు దారి వెదకుచు రకరకముల పానీయములు కలిపెను. 1886లో అట్లాంటాలో ఆతడు కలిపినదే కోకాకోలా. 1888లో చనిపోవునప్పటికి ఆ అలవాటు ఆతనిని విడువలేదు. మన విద్యార్థులు చదువుకొను కథకుడు ఓ. హెన్రీయు గ్రీన్స్‌బరోలో పినతండ్రి మందులంగడిలో పని నేర్చి 1881లో లైసెన్సు పొందినవాడే. ఆతని కథలలో మనుష్యుల రహస్యములు అంత బాగుగా తెలియుట ఎందువలననో మాకు ఆశ్చర్యము లేదు. ఊరివారి దగ్గులు, సిగ్గులు అన్నియు ఆ బల్లమీదుగనే పోవును.

ఇక భాష మాట. ఇండియానా, ఒహాయో, మిస్సోరీ ప్రాంతములలో జర్మనీ నుండి వచ్చి నిలిచినవారు లక్షలమంది. వారున్న ఊళ్లలో ‘డాయిచె అపోటెకె’, అనగా జర్మన్ మందులంగడి, అను బోర్డులుండెడివి. ఇంగ్లీషు వచ్చినను, కడుపునొప్పి ఎట్టిదో చెప్పుటకు తల్లిభాషయే కావలసి వచ్చెడిది. మెలిపెట్టుట, పీకుట, సలుపుట, లాగుట, గుంజుట: ఈ భేదములు పరాయిభాషలో చెప్పి చూడుడు! మందు ఎప్పుడు, ఎంత, అన్నమునకు ముందా వెనుకా అని జర్మను వర్తకుడు జర్మనులో చెప్పి, జర్మనులో చీటీ వ్రాసి సీసాకు అంటించెడివాడు.

మన స్థితి ఏమి? బళ్లారిలో వర్తకుడు కన్నడములో వ్రాయును, హోసూరులో తమిళములో, బరంపురములో ఒడియాలో, షోలాపురములో మరాఠీలో. యానాము వారికి ఈ చిక్కు లేదు, వారు ధన్యులు. పెట్టెమీది అచ్చు చాలవరకు ఇంగ్లీషు. మన ఇండ్లలో తెలుగు మాటాడి మరొక లిపి చదువు పిల్లలున్నారు, తెలుగు లిపి మాత్రమే వచ్చిన ముసలమ్మలున్నారు. ఒకే యింట ఒకే మందును నలుగురు నాలుగు తీరుల చదువుచున్నారు, కొందరు చదువక రంగు చూచి మ్రింగుచున్నారు. ఇండియానాలో అక్షరము రానివాడు కిటికీలోని ఎఱ్ఱనీళ్ల బుడ్డిని చూచి వచ్చినట్లే. మన సంఘమునకు చేతనగు పని ఒకటి ఇందు కలదని మా విన్నపము: వారమునకొక సాయంకాలము మన పఠనాలయమున ఒకరిద్దరు చదువుకొన్న యువకులు కూర్చుండి, పెద్దలు తెచ్చిన మందుచీటీలను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చుట. వైద్యము చెప్పుట కాదు, చీటీ చదువుట మాత్రమే.

మందుల వర్తకము, పరాయి ఊరు, తెలుగుభాష అను మూడును కలిసినచోట మనకు జ్ఞప్తికి వచ్చువారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, దాని ఆదాయముతో 1908లో ఆ నగరముననే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసున దినపత్రిక చేసిరి. వారిని గూర్చి ప్రత్యేకముగా ఒక సభయే జరుపవలెను గాన ఇక్కడ ఇంతకన్న చెప్పము.

1876 మే 10న లిల్లీ ఇండియానాపోలిస్‌లో ఒక సందులోని చిన్న ఇటుక కట్టడమున స్వంత తయారీ ప్రారంభించెను. మూలధనము 1400 డాలర్లు, పనివారు ముగ్గురు, అందొకడు పదునాలుగేండ్ల కొడుకు జోసయా. మొదట చేసిన మందులలో క్వినైను ఒకటి. ఎమిలీ మరణించి అప్పటికి పదియేండ్లు. వైద్యులు వ్రాసి యిచ్చు మందులనే చేయుట, బజారున నేరుగా ప్రజలకు అద్భుతములు అమ్మకుండుట ఆతడు పెట్టుకొన్న నియమము. ఈ నియమమునకును మచ్చ లేకపోలేదు. కొన్నేండ్లకు ‘సక్కస్ ఆల్టెరాన్స్’ అను మూలికా రసమును ఆ కంపెనీ అమ్మెను. ఆదివాసుల యోగమని చెప్పుకొన్న ఆ రసము సుఖవ్యాధులకు, కీళ్లనొప్పులకు, చర్మరోగములకు మంచిదని చెప్పిరి. బాగుగా అమ్ముడుపోయెను. నేటి శాస్త్రము ముందు అది నిలువదు. రెండవ అర ఎంత దూరము వెంబడించినదో చూడుడు.

జోసయాను ఫిలడెల్ఫియా కళాశాలకు పంపిరి. 1882లో పట్టము పొంది వచ్చెను. తండ్రికి దొరకని చదువు కొడుకునకు దొరికెను. లిల్లీ 1898 జూన్ 6న క్యాన్సరు వ్యాధితో మరణించెను.

రెండవ అరకు చట్టము రావడమునకు మరి ఎనిమిదేండ్లు పట్టెను. అందుకు పోరాడిన రసాయనవేత్త హార్వే వైలీ కూడ ఇండియానా బిడ్డయే. లిల్లీ పని నేర్చిన లాఫయెట్ చెంతనే గల పర్డ్యూ విశ్వవిద్యాలయమున 1874లో రసాయనాచార్యుడుగా చేరినవాడు. 1905లో శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ అను పత్రికారచయిత ‘కోలియర్స్’ పత్రికలో పేటెంటు మందుల గుట్టును వరుసగా బయటపెట్టెను. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్టు చట్టముపై సంతకము చేసెను. ఆ చట్టము ఏ మందును నిషేధింపలేదు. మద్యము, మార్ఫిన్, నల్లమందు, కొకెయిన్, హెరాయిన్, క్లోరోఫారము, గంజాయి మొదలగునవి సీసాలో ఉన్నచో, ఎంత ఉన్నదో చీటీపై వ్రాయవలెను అనెను, అంతే. మన దేశమున 1930లో చోప్రా గారి అధ్యక్షతను విచారణ సంఘము ఏర్పడి, 1940లో ఔషధ చట్టమును, 1948లో ఫార్మసీ చట్టమును వచ్చినవి.

1907 జనవరి 1 నుండి ఆ చట్టము అమలైనది. చిన్న ఊళ్ల అంగళ్లకు అవే మందులు కొత్త చీటీలతో దిగినవి. కొందరు తయారీదారులు మద్యము తగ్గించిరి, కొందరు మార్ఫిన్ తీసివేసిరి. వ్రాయుటకు సిగ్గుపడిన దానిని పోయుటయు మానిరి. మిగిలినవారి సీసాలపై, తల్లియు బిడ్డయు నవ్వుచున్న బొమ్మ క్రిందనే, మార్ఫిన్ అను మాట చిన్న అక్షరములతో మొదటిసారి కానవచ్చినది. అలవాటు చొప్పున ఆ సీసా అడిగిన తల్లికి బల్ల వెనుక నున్న వర్తకుడు ఇప్పుడు దానిని త్రిప్పి, ఆ చీటీ మీద వ్రేలు పెట్టి చూపగలిగెను.